ముందు డబ్బు, తర్వాత ఖర్చు: చిన్న ఇన్సూరెన్సు కంపెనీ షేరు ధర ఎందుకలా నడుస్తుంది?

చెన్నై పెరంబూరులో మా బాబాయి ఇల్లు రైల్వే లైనుకి రెండు వీధుల అవతల. రైలు పెట్టెల ఫ్యాక్టరీ ఐసీఎఫ్‌లో ముప్ఫై నాలుగేళ్లు వెల్డింగు చేసి రిటైరయ్యాడు. పోయిన ఆదివారం టిఫిను ప్లేటు పక్కకి జరిపి ఫోను నా ముందు పెట్టాడు.

"ఏరా, నువ్వు ఇన్సూరెన్సు లెక్కలు చూసేవాడివి కదా. ఈ గీత ఏం చెబుతోందో చెప్పు."

స్క్రీను మీద ఒక చిన్న జనరల్ ఇన్సూరెన్సు (జీవిత బీమా కాకుండా బండ్లు, ఆరోగ్యం లాంటివాటికిచ్చే బీమా) కంపెనీ షేరు ధర కనబడుతోంది. మొదట కొండ, తర్వాత లోయ, ఆ తర్వాత చాలాకాలంగా పక్కకి పాకుతున్న గీత. కంపెనీ పేరు ఇక్కడ అవసరం లేదు. బాబాయి సందేహం మాత్రం చాలామందిది. "ఏటా పాలసీలు ఎక్కువే అమ్ముతున్నారట. మరి షేరెందుకు కదలదు? పాలవాడు రోజుకి పది లీటర్లు ఎక్కువ పోస్తే ఆ మేరకు డబ్బు రావాలి కదా?"

పాలవాడికి గడ్డి ధర, దాణా ధర ముందే తెలుసు. అవి చూసుకునే లీటరు ఎంతకమ్మాలో నిర్ణయిస్తాడు. ఇన్సూరెన్సు దీన్ని తిరగేసిన వ్యాపారం. డబ్బు ముందే చేతికొస్తుంది, ఆ అమ్మకానికి ఖర్చెంతయిందో తర్వాతెప్పుడో తెలుస్తుంది. ఆసుపత్రి బిల్లయితే వారాల్లో తేలుతుంది. కారుకి సొట్ట పడితే నెలల్లో. థర్డ్ పార్టీ క్లెయిమయితే, అంటే మన బండి వల్ల దెబ్బతిన్న వేరేవాళ్లు అడిగే పరిహారమైతే, ఏళ్లు పడుతుంది. అందుకని ఈ కంపెనీ "ఈ ఏడాది ఇంత లాభం" అని ప్రకటించినప్పుడు అందులో చాలా భాగం అంచనాయే. ఆ అంచనా మీద బయటివాళ్లు వేసే ఇంకో అంచనా షేరు ధర.

నా బల్ల మీదికొచ్చిన ఒక ఫైలు గురించి చెబితే ఇది బాగా అర్థమవుతుంది. పూందమల్లి హైరోడ్డు మీద స్కూటరులో వెళ్తున్న ముప్ఫై ఏళ్ల కుర్రాణ్ని ఒక వ్యాను గుద్దింది. వ్యానుకి ఇన్సూరెన్సు మేమిచ్చాం. మొదటి వారం ఫైలు తెరిచేసరికి "కాలు విరిగింది" అన్న ముక్క తప్ప మా దగ్గర ఇంకేమీ లేదు. రిజర్వు కింద 3 లక్షలు రాశాం. రిజర్వంటే ఈ క్లెయిముకి ఇంత కట్టాల్సి రావచ్చని పక్కన పెట్టే సొమ్ము. చెక్కు రాయకపోయినా ఆ రోజే అది లాభంలోంచి తరుగుతుంది. ఏడాదిన్నర గడిచాక మెడికల్ బోర్డు 40 శాతం వైకల్యమని సర్టిఫికెట్ ఇచ్చింది. రిజర్వుని 9 లక్షలు చేశాం. హైకోర్టు ఆవరణలో ఉన్న స్మాల్ కాజెస్ కోర్టులో, మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ ముందు కేసు మరో రెండున్నరేళ్లు నడిచింది. అతని వయసు, జీతం, ముందు ముందు పోగొట్టుకునే సంపాదన లెక్కగట్టి, వడ్డీతో కలిపి 16 లక్షలు ఇమ్మన్నారు. ఆ కుటుంబానికి ఆ డబ్బు న్యాయంగా రావాల్సిందే. లెక్కల వైపు నుంచి చూస్తే మాత్రం, వ్యాను యజమాని దగ్గర ప్రీమియం తీసుకున్న ఏడాది మా పుస్తకాల్లో ఆ క్లెయిము ఖరీదు 3 లక్షలే. మిగతా 13 లక్షలు తర్వాతి సంవత్సరాల లాభాలు మోశాయి.

ఒక్క ఫైలు తప్పితే ఏమీ కాదు. వేల ఫైళ్లలో కొన్ని ఎక్కువ, కొన్ని తక్కువ వచ్చి సర్దుకుంటాయి. అన్నీ ఒకే వైపు తప్పినప్పుడే ముప్పు. ఆసుపత్రి ఖర్చులు ఊహించినదానికంటే వేగంగా పెరిగినా, ట్రిబ్యునళ్లు పరిహారం లెక్కగట్టే పద్ధతి మారినా ప్రతి ఫైలూ కలిసికట్టుగా పైకి పోతుంది. ఇది చాలదన్నట్టు, మార్చి 31న ఖాతా మూసే సమయానికి ప్రమాదం జరిగిపోయి, మా దాకా కబురు రాని క్లెయిములూ ఉంటాయి. వాటికీ అంచనా వేసి సొమ్ము పెట్టాలి. అందులో తెలిసిన మనిషి లేడు, ఫైలు లేదు. ఉన్నది పాత సంవత్సరాల అనుభవం మాత్రమే.

కంపెనీ చిన్నదైతే ఈ తప్పు ఎంత గట్టిగా తగులుతుందో చూడండి. లెక్క కోసం అనుకుందాం: సొంత మూలధనం 400 కోట్లు, క్లెయిముల కోసం పక్కన పెట్టిన రిజర్వులు 1,500 కోట్లు. రిజర్వులు పది శాతం తక్కువయ్యాయని తేలితే 150 కోట్ల గండి. పది శాతం పొరపాటుకి మూలధనంలో మూడో వంతుకి మించి పోయింది. కట్టాల్సినవి కట్టగల స్తోమత ఎంతుందో చెప్పే సాల్వెన్సీ నిష్పత్తి మన దేశంలో 1.5 కి తగ్గకూడదన్నది నియమం. దాని దరిదాపులకొస్తే కంపెనీ కొత్త షేర్లమ్మి డబ్బు తెచ్చుకోవాలి. అంతవరకూ వందలో ఒక వాటా ఉన్నవాడికి నూట ముప్ఫైలో ఒక వాటా మిగులుతుంది. గ్రాఫులో ఇది కనబడదు. కంపెనీ మొత్తం విలువ పెరిగినా షేరు ధర అక్కడక్కడే తిరగడానికి చాలాసార్లు కారణం ఇదే.

బాబాయి అడిగిన "ఎక్కువ అమ్మితే" అన్న మాటలోనూ ఒక చిక్కుంది. జనవరి 1న 10,000 రూపాయల పాలసీ అమ్మారనుకోండి. మార్చి 31 కి గడిచింది 90 రోజులు. ఆ ఏడాది ఆదాయంగా చూపించగలిగేది 365లో 90 వంతులు, అంటే సుమారు 2,466 రూపాయలు. ఏజెంటు కమిషను, పాలసీ తెచ్చుకోవడానికైన ఇతర ఖర్చులు మాత్రం మన లెక్కల పద్ధతిలో అమ్మిన రోజే పూర్తిగా ఖర్చులోకి పోతాయి. అంటే ఎంత వేగంగా పెరిగితే అంత నష్టంలో ఉన్నట్టు కనబడుతుంది. వేగం తగ్గించగానే పాత పాలసీల ఆదాయం వచ్చిపడి లాభం మెరుస్తుంది. ఇంతవరకైతే కంపెనీ తప్పేమీ లేదు. అయితే పాలసీని తక్కువ ధరకి అమ్ముతున్న కంపెనీ కూడా చూడ్డానికి ఇలాగే ఉంటుంది. పెరుగుదల వల్ల వచ్చిన నష్టమా, ధర తప్పడం వల్ల వచ్చిన నష్టమా అన్నది బయటివాళ్లకి రెండు మూడేళ్ల దాకా తెలీదు. ఆ రెండు మూడేళ్లూ షేరు ధర ఊగుతూనే ఉంటుంది.

ఇవన్నీ కలిసి పాతిక, ముప్ఫై ఏళ్లలో ఎలాంటి గీత గీస్తాయో చూడాలంటే మన దగ్గర అంత పొడుగు గ్రాఫు లేదు. ఉండాల్సిందే, కానీ మధ్యలో తెగిపోయింది. 1925లో భోగరాజు పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ పెట్టారు. చెన్నైలో అణ్ణాసాలై మీద నిలబడ్డ ఎల్ఐసీ భవనం మొదట ఎం.సి.టి. చిదంబరం చెట్టియార్ తన యునైటెడ్ ఇండియా బీమా సంస్థ కోసం తలపెట్టింది. 1954లో ఆయన విమాన ప్రమాదంలో పోయారు. 1956లో జీవిత బీమా జాతీయమై 245 సంస్థలు ఎల్ఐసీలో కలిశాయి. 1959లో భవనం తెరిచేనాటికి అది ప్రభుత్వ సంస్థది. 1973 జనవరి 1 నుంచి జనరల్ ఇన్సూరెన్సు వంతు వచ్చింది. 107 కంపెనీలు నాలుగయ్యాయి. ఆ కంపెనీల షేర్ల కథ అక్కడితో ఆగిపోయింది. 1999 నాటి చట్టంతో ప్రైవేటు కంపెనీలకి మళ్లీ తలుపు తెరిచినా, ఐసీఐసీఐ లంబార్డ్ స్టాక్ మార్కెట్‌కి వచ్చింది 2017 సెప్టెంబరులో. అదే ఏడాది జీఐసీ రీ, న్యూ ఇండియా అస్యూరెన్స్ కూడా వచ్చాయి. మన గ్రాఫుల వయసు అంతే.

అందుకని పొడుగు గీత కోసం అమెరికా వెళ్లక తప్పదు. అక్కడ గైకో అనే కంపెనీ చరిత్ర ఈ వ్యాపారానికి పాఠ్యపుస్తకం లాంటిది.

1936లో లియో గుడ్విన్, ఆయన భార్య లిలియన్ టెక్సస్‌లోని ఫోర్ట్‌వర్త్‌లో లక్ష డాలర్ల మూలధనంతో దాన్ని మొదలుపెట్టారు. ప్రభుత్వోద్యోగులకి మాత్రమే కారు ఇన్సూరెన్సు, అదీ పోస్టులో. మధ్యలో ఏజెంటు లేడు, కమిషనూ లేదు. ఉద్యోగస్తులు నిదానంగా బండి నడుపుతారు, క్లెయిములు తక్కువొస్తాయి అన్నది వాళ్ల లెక్క. ఆ లెక్క నిలబడింది. 1948లో, పెట్టుబడి పాఠాలు చెప్పే ప్రొఫెసరు బెంజమిన్ గ్రాహం నడిపే పెట్టుబడి సంస్థ అందులో సగం వాటాని సుమారు 7 లక్షల డాలర్లకి కొంది. పెట్టుబడి కంపెనీ ఇన్సూరెన్సు కంపెనీలో అంత వాటా ఉంచుకోకూడదని చట్టం అడ్డొచ్చి, ఆ షేర్లని తన వాటాదార్లకి పంచిపెట్టాల్సి వచ్చింది. 1951లో గ్రాహం దగ్గర చదువుకుంటున్న వారెన్ బఫెట్ (తర్వాత ప్రపంచమంతా పేరుమోసిన పెట్టుబడిదారు) ఒక శనివారం వాషింగ్టన్‌లోని గైకో ఆఫీసు తలుపు తట్టి, లోరిమర్ డేవిడ్‌సన్ అనే అధికారి దగ్గర నాలుగు గంటలు కూర్చుని ఈ వ్యాపారమేంటో చెప్పించుకున్నాడు. ఆ ఏడాది 10,282 డాలర్లు పెట్టి గైకో షేర్లు కొన్నాడు. ఏడాది చివరికి అతని ఆస్తిలో సగానికి పైగా ఈ ఒక్క షేరులోనే ఉంది. మరుసటి ఏడాది 15,259 డాలర్లకి అమ్మేశాడు. అమ్మకుండా ఉంటే ఇరవై ఏళ్లలో అవే షేర్లు 13 లక్షల డాలర్లయ్యేవని తర్వాత ఆయనే రాశాడు.

ఇక్కడిదాకా చదివితే "మంచి కంపెనీ కొని పడుకో" అన్న కథలా ఉంటుంది. అలా అనుకుంటే మిగతా సగం పోతుంది. 1972లో షేరు ధర 61 డాలర్ల దాకా ఎక్కింది. 1976కి 2 డాలర్ల దగ్గరికి పడిపోయింది. 1975లో కంపెనీ నష్టం 12 కోట్ల డాలర్లు దాటింది. అమెరికా అంతటా కార్లు నడుస్తూనే ఉన్నాయి, జనం పాలసీలు కొంటూనే ఉన్నారు. కంపెనీ చెడింది ఇందాకటి స్కూటరు ఫైలులోని 3 లక్షల రిజర్వు లాంటి తప్పు దగ్గరే. పెరగాలన్న తొందరలో జాగ్రత్తగా నడిపే ఉద్యోగస్తులని దాటి అందరికీ పాలసీలిచ్చారు. అదే సమయానికి రిపేర్ల ఖర్చు, వైద్యం ఖర్చు ఎగబాకాయి. క్లెయిములకి ఎంతవుతుందో తక్కువ అంచనా వేశారు. తక్కువ అంచనా వల్ల లాభం ఎక్కువ కనబడింది. లాభం ఎక్కువుంది కదా అని ప్రీమియం తక్కువగా ఉంచారు. ప్రీమియం తక్కువ కాబట్టి జనం ఇంకా వచ్చారు. ఒక తప్పు ఇంకో తప్పుకి ఎరువేసింది. నన్నడిగితే 61 డాలర్ల నాటి కంపెనీ అప్పటికే లోపల గుల్లబారడం మొదలైంది. ఆ సంగతి పుస్తకాల్లోకి రావడానికి మూడేళ్లు పట్టింది.

1976లో జాక్ బర్న్ పగ్గాలు పట్టుకున్నాడు. రేట్లు పెంచాడు, ఆఫీసులు మూశాడు, గిట్టుబాటు రేటు ఒప్పుకోని న్యూజెర్సీ రాష్ట్రంలో లైసెన్సు తిరిగిచ్చేశాడు. 27 ఇన్సూరెన్సు కంపెనీలు రీఇన్సూరెన్సు (ఇన్సూరెన్సు కంపెనీకి ఇచ్చే ఇన్సూరెన్సు) కింద కొంత భారం పంచుకున్నాయి. సాలమన్ బ్రదర్స్ అనే పెట్టుబడి బ్యాంకు 7.6 కోట్ల డాలర్ల కొత్త పెట్టుబడి సమకూర్చింది. బఫెట్ మళ్లీ కొన్నది ఆ ఏడాదే. రోగం వచ్చింది రిజర్వులకి, ఏజెంటు లేకుండా చవగ్గా అమ్మే పద్ధతికి కాదు అన్నది ఆయన నమ్మకం. ఆ తేడా కనిపెట్టడమే ఇందులో అసలు పని. షేరు ధర రెంటినీ ఒకే గాటన కట్టి 2 డాలర్ల దగ్గర కూర్చోబెట్టింది.

1980 చివరికి బఫెట్ కంపెనీ బెర్క్‌షైర్‌కి గైకోలో మూడో వంతు వాటా ఉంది. పెట్టినది 4.57 కోట్ల డాలర్లు. ఆ తర్వాత పదిహేనేళ్లు ఒక్క షేరూ కొనలేదు, అయినా వాటా సగానికి చేరింది. గైకో తన లాభంతో బజార్లో తన షేర్లనే కొని రద్దు చేస్తూ వచ్చింది. పదిమంది పంచుకునే కుండలోంచి ముగ్గురు లేచిపోతే మిగతావాళ్ల వంతు పెరిగినట్టు. ఇందాకటి కొత్త షేర్ల కథకి ఇది సరిగ్గా తలకిందులు.

1995లో మిగతా సగాన్ని 230 కోట్ల డాలర్లకి కొన్నారు, షేరుకి 70 డాలర్ల చొప్పున. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. బెర్క్‌షైర్ చేతిలోని 68.5 లక్షల షేర్లకి 4.57 కోట్లంటే ఒక్కోటి సగటున 6 డాలర్ల 67 సెంట్లు. 6.67 పెట్టి కొన్నది 70 అయింది, పది రెట్లు, అంతేనా? కాదు. 1992లో ఒక్కో షేరుని ఐదుగా చేశారు (దీన్నే స్ప్లిట్ అంటారు). ఆ 68.5 లక్షలు 3 కోట్ల 42 లక్షల 50 వేలయ్యాయి. కొత్త లెక్కలో కొన్న ధర 1 డాలరు 33 సెంట్లు. అంటే యాభై రెట్ల పైమాట, మధ్యలో వచ్చిన డివిడెండ్లు వేరే. పాత పేపరులో ఒక ధర, ఇవాళ్టి పేపరులో ఇంకో ధర పక్కపక్కన పెట్టి పోల్చితే పదికీ యాభైకీ మధ్య దూరం కళ్లముందే మాయమవుతుంది.

మన దగ్గర ఇదే పొరపాటు నష్టాన్ని పెద్దది చేసి చూపించింది. 2017లో జీఐసీ రీ ఇష్యూ ధర (మార్కెట్‌కి వస్తూ షేరు అమ్మిన ధర) 912 రూపాయలు, న్యూ ఇండియా అస్యూరెన్స్‌ది 800. 2018లో రెండూ ఒకటికి ఒకటి బోనస్ ఇచ్చాయి, అంటే ఉన్న ప్రతి షేరుకీ ఇంకోటి ఉచితంగా. కాబట్టి ఇవాళ్టి ధర పోల్చాల్సింది 456తో, 400తో. 912 అన్న అంకె గుర్తుపెట్టుకుని "సగానికి పైగా పోయింది" అని బాధపడే పెద్దవాళ్లని నేను చాలామందిని చూశాను. పోయినంత మేరకు పోయింది, నిజమే. వాళ్లనుకున్నంత పోలేదు. గ్రాఫు చూపించే యాప్ బోనసుకీ స్ప్లిట్‌కీ ధర సరిదిద్దిందో లేదో మొదట చూసుకోవాలి. డివిడెండు కలిపిన గ్రాఫయితే ఇంకా మంచిది.

ఇంత తెలుసుకున్నాక మన ఊరి కంపెనీ ఒకటి చూద్దాం. చెన్నై కేంద్రంగా 2006లో మొదలైన స్టార్ హెల్త్, బాబాయి దగ్గరున్న షేరు కాదిది. 2021 డిసెంబరు 10న లిస్టయింది, ఇష్యూ ధర 900. అమ్మకానికి పెట్టినదాంట్లో 79 శాతానికే దరఖాస్తులొచ్చాయి. కరోనా రెండో అల తగిలిన 2021-22లో నష్టం 1,041 కోట్లు. తర్వాతి మూడేళ్లూ లాభమే: 619, 845, 646 కోట్లు. ఏడాది ప్రీమియం సుమారు 11,500 కోట్ల నుంచి 2024-25 కి 16,800 కోట్ల దగ్గరికొచ్చింది. షేరు మాత్రం 2025 ఏప్రిల్ నాటికి 350 దరిదాపుల్లో ఉంది. నష్టాల రోజుల్లో 900, లాభాల రోజుల్లో 350.

గీతని మాత్రమే చూస్తే ఇది పిచ్చిగా అనిపిస్తుంది. 900 దగ్గర కంపెనీ మొత్తం విలువ 52 వేల కోట్ల దగ్గర, దాని సొంత మూలధనానికి ఎన్నో రెట్లు. రాబోయే చాలా ఏళ్ల ఎదుగుదలకి కొన్నవాళ్లు ముందే డబ్బు కట్టేశారన్నమాట. ఎదుగుదల వచ్చింది కూడా. కానీ వంద రూపాయల ప్రీమియానికి క్లెయిములు, ఖర్చులు కలిపి ఎంతయిందో చెప్పే కంబైన్డ్ రేషియో 2023-24లో 96.7 ఉండగా, మరుసటి ఏడాది 101.1 కి పోయింది. నూటికి నాలుగు రూపాయల తేడా చిన్నదే. లాభం ఉండేదే ఆ నాలుగు రూపాయల్లో అయితే మాత్రం చిన్నది కాదు. దానికి తోడు 2024 అక్టోబరు నుంచి లెక్క రాసే పద్ధతి మారింది. మూడేళ్ల పాలసీకి ఒకేసారి డబ్బు తీసుకున్నా, ఆ ఏడాది వంతునే ప్రీమియంగా చూపించాలి. వ్యాపారం తగ్గకపోయినా పెరుగుదల అంకె తగ్గి కనబడింది.

బయటి గాలులూ ఉంటాయి. థర్డ్ పార్టీ ప్రీమియం రేట్లు ప్రభుత్వం నిర్ణయిస్తుంది, 2022 జూన్‌లో మార్చినవే ఆ తర్వాత మూడేళ్లు నడిచాయి. ట్రిబ్యునల్ పరిహారాలు అలా ఆగలేదు. 2015 డిసెంబరు చెన్నై వరదల్లాంటివి వస్తే రీఇన్సూరెన్సు చాలావరకు కాస్తుంది, తర్వాతి ఏడాది దాని ఖరీదు పెరుగుతుంది. అయితే దీర్ఘకాలపు గీతని నిర్ణయించేవి ఇవి కావని నా అనుభవం. పాలసీకి సరైన ధర పెట్టారా, రిజర్వు నిజాయితీగా రాశారా, షేర్ల సంఖ్య పెరిగిందా తగ్గిందా, కొన్నవాడు ఎంత పెట్టి కొన్నాడు. గైకో అరవై ఏళ్లలో జరిగినదంతా ఈ నాలుగింటి చుట్టూనే.

ఇదంతా విన్నాక బాబాయి అడిగింది ఒకటే. "ఇవి మాలాంటివాళ్లకి ఎక్కడ దొరుకుతాయి?" దొరుకుతాయి. ప్రతి జనరల్ ఇన్సూరెన్సు కంపెనీ మూడు నెలలకోసారి ఎన్‌ఎల్ అన్న అక్షరాలతో మొదలయ్యే ఫారాలు తన వెబ్‌సైటులో పెట్టాలి. రేషియోలు, మూలధనం, క్లెయిముల వివరాలు అందులో ఉంటాయి. అక్కడే కూర్చుని ఫోనులో తెరిచాం. గోడ మీది క్యాలెండరులో పోయిన నెల కాగితం చింపి, వెనక వైపు ఐదేళ్ల కంబైన్డ్ రేషియో పెన్సిలుతో రాసుకున్నాడు: 112, 109, 118, 107, 104. వెల్డింగు కొలతలు రాసినట్టే, ఒక్కో అంకె కింద గీత.

"అంటే వంద తీసుకుని నూట పన్నెండు ఖర్చు పెట్టారా?"

"అవును బాబాయ్. ఆ పన్నెండూ కొంత పెట్టుబడుల మీద వచ్చిన ఆదాయం పూడ్చింది. మిగతాది ఎక్కణ్నుంచి వచ్చిందో పక్క ఫారం చూడు."

పక్క ఫారంలో షేర్ల సంఖ్య ఐదేళ్లలో రెండుసార్లు పెరిగి ఉంది. ఆ రెండు తేదీలూ ఫోనులోని గ్రాఫు మీద వేలితో వెతుక్కున్నాడు. లోయ మొదలైన చోటే ఉంది మొదటిది. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత పెన్సిలు మళ్లీ తీసుకుని, "104 దగ్గర్నుంచి ఎటు పోతుందో చూడాలి అయితే. రిజల్ట్స్ ఎప్పుడొస్తాయి?" అన్నాడు. చెప్పాను. ఆ తేదీని 104 పక్కన రాసి, కాగితం మడిచి పెన్షను పుస్తకంలో పెట్టుకున్నాడు.